తూము దించమంటారా అండీ?

నన్ను ఎక్కడికి సన్మానానికి పిలిచినా ఒకే మాట చెప్పి పరిచయం చేస్తారు. డెబ్బైల్లో విజయవాడలో పర్యావరణ కోర్సు మొదలైనప్పుడు దానికి సలహా సంఘం పెట్టి, ఫ్యాక్టరీలవాళ్ళనీ ఊళ్ళవాళ్ళనీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టిన మనిషి ఈయనే అంటారు. శాలువా కప్పుతారు. నేను తల వంచుకుని కూర్చుంటాను. ఎంత వినయమో అనుకుంటారు. వినయమూ లేదు, నా తలకాయా లేదు. ఆ సంఘం పేరు వినగానే నాకు ఒక మనిషి గుర్తొస్తాడు. తల దానంతటదే దిగిపోతుంది.

ఈమధ్య మా వీధిలో అమ్మాయి ఒకతె, నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం వచ్చిందని స్వీట్లు పట్టుకొచ్చి, "మీ అనుభవాలు రాయండి తాతగారూ, మాకు పనికొస్తాయి" అంది. ప్రమోషన్ల సంగతీ, ఫైళ్ళ సంగతీ రాయను. అవి ఎవడిక్కావాలి? ఒక చెరువు సంగతి, దాని తూము సంగతి, నేను చేసిన తప్పుల సంగతి రాస్తాను. చదివి ఆ పిల్లకి నా మీద కోపం వస్తే సంతోషిస్తాను.

బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు

నేను కెమిస్ట్రీ లెక్చరర్ని. మా యూనివర్సిటీ విజయవాడ సెంటర్లో పర్యావరణం మీద ఏడాది డిప్లొమా ఒకటి పెట్టి నన్ను అందులో వేశారు. ఆ మాట అప్పటికి ఎవరి నోటా నలగలేదు. "మావాడిది వాతావరణం ఉద్యోగం. వాన ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పడు" అని మా మావయ్య బతికున్నంతకాలం వెక్కిరించాడు. గవర్నరుపేటలో ఒక అద్దె మేడ. పైన క్లాసులు, కింద ఒక్క గదిలో లాబ్. శాంపిళ్ళు పట్టే సీసాలు వన్ టౌన్‌లో పాత సీసాల కొట్లో ఏరుకొచ్చి, యాసిడ్‌తో కడిగి, డాబా మీద ఆరబెట్టుకునేవాళ్ళం.

చదువు పుస్తకాల్లోనే ఉండిపోకూడదని యూనివర్సిటీ ఒక షరతు పెట్టింది. పరిశ్రమల్లోంచి కొందరు, జనంలోంచి కొందరు సలహాదారులుగా ఉండాలి. ఏం నేర్పాలో, ఎక్కడ పరీక్షలు చెయ్యాలో వాళ్ళు చెప్పాలి. ఆ సంఘానికి నేను కార్యదర్శిని. అంటే ఉత్తరాలు రాసేదీ నేనే, మినిట్స్ రాసేదీ నేనే.

అధ్యక్షుడు మా ప్రొఫెసరు గారు. పెద్దమనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. ఆయనకి ఇష్టమైన మాట సామరస్యం. ఏ గొడవ వచ్చినా "సామరస్యంగా పోనిద్దాం మూర్తిగారూ" అనేవారు. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే, ఆయన దగ్గర సామరస్యం అంటే గట్టిగా మాట్లాడగలిగేవాడు నొచ్చుకోకుండా చూడటం. నేనూ అదే నేర్చుకున్నాను, ఇంకా బాగా నేర్చుకున్నాను.

పరిశ్రమల తరఫున వచ్చేవాళ్ళలో ముఖ్యుడు కేశవరావు గారు. వరిగడ్డి ఉడకబెట్టి అట్టలు చేసే ఫ్యాక్టరీకి జనరల్ మేనేజరు. నిజం చెప్పాలంటే మా సంఘంలో అంత శ్రద్ధగల సభ్యుడు ఇంకొకడు లేడు. మీటింగుకి అందరికంటే ముందు వచ్చేది ఆయనే. అజెండా చదువుకుని వచ్చేదీ ఆయనే. పిల్లల్ని ఫ్యాక్టరీకి పిలిచి, అన్నీ చూపించి, భోజనం పెట్టి పంపేవాడు. మాకు బండి లేదని తెలిసి, శాంపిళ్ళ రోజున డ్రైవరుతో సహా ఫ్యాక్టరీ జీపు పంపేవాడు. ఫ్యాక్టరీ నీళ్ళ సంగతి తేల్చడానికి ఫ్యాక్టరీ జీపులోనే వెళ్ళేవాళ్ళం. అందులో ఏదో తేడా ఉందని అప్పట్లో మాలో ఒక్కడికీ తట్టలేదు.

జనం తరఫున ఇద్దరు. ఆ ఫ్యాక్టరీకి దిగువన, అదే కాలువ మీద ఒక ఊరుంది. అక్కడి మిషన్ స్కూల్లో ఎలిమెంటరీ టీచరు దానియేలు మాస్టారు ఒకరు. ఆయన వెంటబెట్టుకొచ్చిన వీరాస్వామి రెండోవాడు. వీరాస్వామి కాలువలోనూ డ్రెయిన్లలోనూ చేపలు పట్టి బతికేవాడు. ఊరి మంచినీళ్ళ చెరువు గట్టు మీదే ఇల్లు. చెరువు తూము తలుపు ఎత్తడం, దించడం ఊరు అతనికి అప్పజెప్పిన పని. సంతకం వచ్చు, చదవడం రాదు. మినిట్స్‌లో అందరి పేర్ల పక్కనా 'గారు' పెట్టేవాణ్ణి, అతనికి కూడా. నోటితో మాత్రం నువ్వు అనేవాణ్ణి.

డెల్టావాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. ఎండాకాలం వచ్చేసరికి బ్యారేజీ దగ్గర కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు చివరిసారి వదిలే నీళ్ళతో ప్రతి ఊరూ తన చెరువు నింపుకోవాలి. మళ్ళీ కాలువ వచ్చేదాకా తాగడానికి అవే. ఆ దిగువ ఊళ్ళల్లో నేల తవ్వితే ఉప్పునీళ్ళే పడతాయి. ఆ వారం పది రోజుల్లో తూములోంచి ఏం ఎక్కితే ఎండాకాలమంతా ఊరు అదే తాగుతుంది.

మొదటి మీటింగులో, ఈ కోర్సు నుంచి ఎవరేం కోరుకుంటున్నారని ప్రొఫెసరు గారు అడిగారు. కేశవరావు గారు ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు. బాగానే మాట్లాడారు. వీరాస్వామి వంతు వచ్చేసరికి అతను లేచి నిలబడ్డాడు.

"నాకు మీ చదువులు తెలవ్వండీ. కాలవ కట్టేసే ముందు నీళ్ళు చూసి ఒక్క ముక్క చెప్పండి. తూము ఎత్తనా, దించనా? అది చెప్తే చాలండీ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మినిట్స్‌లో 'స్థానిక అవసరాలు ప్రస్తావనకు వచ్చాయి' అని రాసుకున్నాను.

పరిగెపిల్లల బుట్ట

ఆ తర్వాత కొన్నాళ్ళకి పిల్లల్ని తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. చెరువు గట్టు మీద వీరాస్వామి తల్లి వల బాగుచేసుకుంటూ కూర్చుని ఉంది. భార్య నాంచారమ్మ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. గటగటా తాగేశాను. నీళ్ళు తియ్యగా ఉన్నాయి.

అరుగు మీద మూత ఉన్న వెదురు బుట్ట ఒకటి కనిపించింది. ఏంటది అని అడిగాను. అతను చెప్పకముందే నాంచారమ్మ అందుకుంది. "మా ఆయన చేపల్ని అడిగి గానీ మంచినీళ్ళు తాగడండీ. నన్నైతే ఏదీ అడగడు, చేపల్ని మాత్రం అడుగుతాడు."

చెరువు నింపే రోజుల్లో వీరాస్వామి సాయంత్రం కాలువలో పరిగెపిల్లలు పట్టి, ఆ బుట్టలో వేసి, మూత బిగించి, తూము మూతి దగ్గర నీళ్ళలో ముంచి ఉంచుతాడట. పొద్దున్నే తీసి చూస్తాడు. చేపలు చురుగ్గా ఎగిరితే తూము ఎత్తుతాడు. తేలిపోయి ఉంటే దించుతాడు. నింపినన్నాళ్ళూ రోజూ ఇదే పని.

"కొర్రమీను పనికిరాదండీ" అన్నాడు. "అది బురదలో కూడా బతుకుద్ది. పరిగె అట్టా కాదు, సుకుమారం. నీళ్ళల్లో తేడా వచ్చిందా, పూట కూడా ఆగదు."

అంతకుముందు ఏడు నింపుతుండగా బుట్టలో చేపలు చచ్చాయట. రెండు రోజులు తూము దించేశాడు. చెరువు వెలితిగా ఉండిపోయింది. బిందెల దగ్గర కొట్లాటలయ్యాయి, ఊళ్ళో ఆడవాళ్ళు అతన్ని దుమ్మెత్తిపోశారు. కానీ ఉన్న నీళ్ళు మంచివి. "తిడితే తిట్టారు లెండి. తాగి తిట్టారు గదా" అన్నాడు వీరాస్వామి.

ఇంత మంచి సంగతి వింటే తెలివైనవాడు ఏం చెయ్యాలి? నోటుబుక్కులో రాసుకోవాలి, పిల్లలకి చూపించాలి. నేనేం చేశానో చూడండి. తర్వాతి మీటింగులో కాఫీలు తాగేటప్పుడు నవ్వు పుట్టించడానికి ఈ బుట్ట కథ చెప్పాను. కేశవరావు గారు కప్పు కింద పెట్టి, "అయితే మనకి ఈ లాబ్ ఎందుకండీ? డిప్లొమాలు ఆ చేపలకే ఇచ్చేద్దాం" అన్నారు. బల్ల చుట్టూ గొల్లున నవ్వులు. దానియేలు మాస్టారు నవ్వలేదు. వీరాస్వామి తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. "శాస్త్రీయ పద్ధతి అలవాటు చెయ్యాలి మూర్తిగారూ, మన బాధ్యత అది" అన్నారు ప్రొఫెసరు గారు.

మీటింగయ్యాక మెట్ల మీద వీరాస్వామిని ఆపాను.

"ఇక ఆ బుట్ట మానెయ్యవయ్యా. పరువు పోతోంది. మన లాబ్ ఉంది కదా, రిపోర్టు ఇస్తాను. దాని ప్రకారం ఎత్తు, దాని ప్రకారం దించు."

"మీరు చెప్తారుగా అండీ?"

"చెప్తాను."

"అయితే అట్టాగేనండీ."

మేము చేసే ఆక్సిజన్ పరీక్షకి ఐదు రోజులు పడుతుంది. అతని బుట్టకి ఒక్క రాత్రి చాలు. మాది సీజనుకి ఒకసారి, అతనిది రోజూ. ఈ మాట చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు, అయినా అంత చదువుకున్న వెధవకి నాకు తట్టలేదు. నా లాబ్ మీద నాకున్న మోజు అలాంటిది.

పది రోజుల ముందు ఉత్తరం

శాంపిళ్ళు తియ్యడానికి ఒక పద్ధతి పెట్టాను. పది రోజుల ముందే సభ్యులందరికీ ఉత్తరం. ఫలానా రోజున కాలువ మీద ఫలానా చోట్ల నీళ్ళు తీస్తాం, తమకు అభ్యంతరమైతే తెలియజేయగలరు, అని. చాలా మర్యాదగా, మంచి భాషలో రాసేవాణ్ణి. ప్రొఫెసరు గారు ఆ ఉత్తరం చదివి మెచ్చుకున్నారు. "చెప్పకుండా వెళ్ళడానికి మనం దొంగలమా ఏంటి?" అన్నారు. నాకూ సబబుగానే అనిపించింది.

తీసినప్పుడల్లా నీళ్ళు బాగానే వచ్చేవి. కేశవరావు గారు సంతోషించేవారు, ప్రొఫెసరు గారు సంతోషించేవారు. ఒకసారి కాలువ గట్టు మీద సీసాలకి మూతలు బిగిస్తుంటే వీరాస్వామి నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"మీరొచ్చే రోజున కాలవ బాగుంటదండీ. మీరెళ్ళినాకే చూడాలి."

"అంటే?"

"అంటే ఏవుందండీ, నల్లనీళ్ళొస్తయ్. గడ్డి కుళ్ళిన వాసన."

నాకు చిరాకేసింది. జీపు డ్రైవరు వింటున్నాడని ఇంకా చిరాకు. "రుజువుందా? ఉంటే రాసివ్వు, మీటింగులో పెడతాను" అన్నాను. చదవడం రాని మనిషిని రాసివ్వమన్నాను. అతను కాలువకేసి చూపించి, "రుజువంటే ఇదే గదండీ" అన్నాడు.

ఆ ఏడు కాలువలు కట్టేసే రోజులు దగ్గరపడ్డాయి. అలవాటు ప్రకారం ఉత్తరాలు వేశాను. సోమవారం శాంపిళ్ళు తీశాం. శనివారానికి ఫలితాలు తేలాయి, ఆ సాయంత్రమే మీటింగు. నీళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. 'తాగునీటి చెరువులు నింపుకొనుటకు అభ్యంతరము లేదు' అని రిపోర్టులో రాశాను. అందరూ సంతకాలు పెట్టారు. దానియేలు మాస్టారు చదివి వినిపించాక వీరాస్వామి కూడా పెట్టాడు. అతని మొహం వెలిగిపోయింది. మూడేళ్ళుగా అడుగుతున్న ఒక్క ముక్క ఆ రోజు దొరికింది మరి.

లేచేటప్పుడు కేశవరావు గారు నన్ను అడిగారు. "ఈ సీజనుకి ఇంక శాంపిళ్ళు లేవుగా మూర్తిగారూ?"

"లేవండీ. కాలువలు కట్టేస్తున్నారుగా."

"అయితే జీపు వర్క్‌షాపులో పడేస్తాను."

ఆదివారం పొద్దున్నే వీరాస్వామి చెరువు తూము ఎత్తాడు.

సోమవారం మధ్యాహ్నం

మర్నాడు మధ్యాహ్నం లాబ్‌లో బ్యూరెట్లు కడుక్కుంటున్నాను. వీరాస్వామి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బస్సు దిగి ఎండలో నడిచొచ్చినట్టున్నాడు, చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. చేతిలో సోడా సీసా, దానికి గుడ్డపీలిక కుక్కి ఉంది.

"కాలవ నీళ్ళండీ. నిన్నంతా బాగానే ఉన్నయ్, ఈ పొద్దున ఇట్టా వచ్చినయ్. కాస్త చూడండి."

గుడ్డ తీసి వాసన చూశాను. సున్నం, కుళ్ళిన గడ్డి కలిసిన వాసన. ఆ వాసన నాకు తెలుసు. కేశవరావు గారి ఫ్యాక్టరీలో గడ్డి ఉడికే తొట్ల పక్కన నిలబడి భోజనానికి ముందు చూసిన వాసనే. ఇది రాస్తుంటే ఇప్పటికీ ముక్కులో ఉంది.

అయినా నేనన్న మొదటి మాట ఏంటో తెలుసా? "ఇది పద్ధతి ప్రకారం తీసిన శాంపిల్ కాదు వీరాస్వామీ. సీసా కూడా కడగలేదు."

"అది సరేనండీ. తూము దించమంటారా, ఉంచమంటారా? చెరువు సగం ఎక్కింది. ఇప్పుడు దించితే ఆ సగంతోనే ఊరు ఎండాకాలం ఈదాలి. ఉంచితే ఈ నీళ్ళే ఎక్కుతయ్. మీరేది చెప్తే అది చేస్తా."

"బుట్ట వేశావా?" అని అడిగాను. నా నోటితో నేనే.

"మీరు మానెయ్యమన్నారు గదండీ. మానేశా."

పై అంతస్తులో యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దలతో ప్రొఫెసరు గారు మాట్లాడుతున్నారు. మా రిపోర్టు వాళ్ళ ముందే ఉంది. దించమంటే నేను పైకి వెళ్ళాలి, రెండు రోజుల క్రితం నేనిచ్చిన రిపోర్టు తప్పయిందని నలుగురిలో చెప్పాలి. నాకు ధైర్యం చాల్లేదు. ఇందులో దాచడానికేమీ లేదు, ఉత్త పిరికితనం.

"ఏం ఫర్వాలేదు. చివరి నీళ్ళు కాస్త రంగు తిరగడం మామూలే. రిపోర్టు ఉంది కదా, ఉంచు" అన్నాను.

"ఉంచమంటారా?"

"ఉంచమంటున్నాగా!"

"అట్టాగేనండీ" అని వెళ్ళిపోయాడు. సీసా నా బల్ల మీదే రెండు రోజులుంది. మూడో రోజు కంపు కొడుతోందని అటెండరు పారబోశాడు.

చెలమ నీళ్ళు

కాలువలు కట్టేశాక రెండో వారంలో దానియేలు మాస్టారి కార్డు వచ్చింది. చెరువులో చేపలన్నీ తేలాయి, నీళ్ళు నోట పెట్టుకోలేకుండా ఉన్నాయి, ఒకసారి రండి, అని. జీపు వర్క్‌షాపులో ఉంది కదా, బస్సెక్కి వెళ్ళాను.

చెరువు కాచి కాచి వదిలేసిన టీ రంగులో ఉంది. కంపుకి గట్టు మీద నిలబడలేకపోయాను. ఎండిపోయిన కాలువ అడుగున ఆడవాళ్ళు చెలమలు తవ్వుకుని, గుంటలోకి ఊరే బురదనీళ్ళు చిప్పలతో ఎత్తి బిందెల్లో పోసుకుంటున్నారు. అవి తాగి ఊరంతా వాంతులు, విరేచనాలు. మిషన్ స్కూల్లో బల్లలు జతచేసి మంచాలు చేశారు. దానియేలు మాస్టారు వాళ్ళ మధ్య తిరుగుతున్నారు. నన్ను చూసి తలూపి ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

వీరాస్వామి ఇంటి అరుగు మీద సగం అల్లిన వల ఉంది, అల్లేమనిషి లేదు. తూము తలుపు తిప్పే ఇనుప పిడి ఎప్పుడూ గోడకి తగిలించి ఉండేది, అది కూడా లేదు. ఊరివాళ్ళు వచ్చి తీసుకుపోయారట. నాంచారమ్మ లోపలినుంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తాగండి."

గ్లాసు అడుగున మట్టి కనిపిస్తోంది. పట్టుకుని నిలబడ్డాను. తాగలేదు.

"మీరు తాగరని తెలుసండీ" అంది. "మా అత్తకి ఇవే పోశాను. రెండోనాడు పోయింది. ఊరంతా ఈయన్నే తిడతన్నారు, ఫ్యాక్టరీవోళ్ళకి అమ్ముడుపోయి తూము దించలేదని. మిమ్మల్ని అడిగొచ్చాడని నాకు తెలుసు. ఎంత తిట్టినా ఈయన మీ పేరు చెప్పలేదండీ."

వీరాస్వామి లోపలినుంచి వచ్చి ఆమెను కసిరాడు. తర్వాత నాతో, "మీరు రిపోర్టు రాసినప్పుడు నీళ్ళు మంచియ్యేనండీ. అందులో అబద్ధం లేదు" అన్నాడు. నన్ను వెనకేసుకొస్తున్నాడు! రెండు చెంపలూ వాయించినా ఇంత బాధ ఉండేది కాదు.

తిరుగు దారిలో బస్సు మారడానికి ఫ్యాక్టరీ దగ్గర రోడ్డు మీద దిగాల్సొచ్చింది. టీకొట్టు ముందు మా జీపు ఆగి ఉంది. వర్క్‌షాపూ లేదు, పాడూ లేదు. డ్రైవరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు, పాపం మంచివాడు. అడిగితే చెప్పేశాడు.

"మీ ఉత్తరం రాగానే నల్లనీళ్ళు వెనక గుంటల్లోకి మళ్ళిస్తారండీ. మీరు చూసెళ్ళాక మెల్లగా కాలవలోకి వదులుతారు. ఈసారి కాలవ కట్టేస్తన్నారు గదా సార్, మెల్లగా వదలడానికి టైము లేకపోయింది. శనివారం సాయంత్రం మా సారు మీటింగు నుంచి వచ్చీరాగానే అన్నీ ఒక్కసారే వదిలేశారు."

నేను ఉత్తరం వెయ్యకపోతే ఆ నీళ్ళు గుంటల్లో ఆగేవి కావు. రోజూ కొంచెం కొంచెం పోయేవి, బుట్టలో చేపలు చచ్చేవి, వీరాస్వామి తూము దించుకునేవాడు. ఏ ముక్క ఎటు తిప్పి చూసినా మధ్యలో నా చెయ్యి ఉంది. కేశవరావు గారిని రాక్షసుడని తిట్టుకుని నిద్రపోదామనుకున్నాను. కుదరలేదు. ఆయన పని ఆయన చేశాడు. ఎప్పుడు చెయ్యాలో తేదీ వేసి చెప్పింది నేను.

మినిట్స్ పుస్తకం

సంఘం అత్యవసరంగా కూర్చుంది. కేశవరావు గారు నిజంగానే బాధపడ్డారు, మందులు పంపించామని చెప్పారు. తర్వాత గొంతు సవరించుకుని, "చెరువు నింపేటప్పుడు తూము దగ్గర ఏదో పొరపాటు జరిగినట్టుంది, అంతవరకే రాసుకుంటే మంచిది" అన్నారు. ప్రొఫెసరు గారు తలూపారు.

"ఫ్యాక్టరీ వెనక గుంటల సంగతి కూడా..." అని నసిగాను.

"రుజువుందా మూర్తిగారూ?" అన్నారు ప్రొఫెసరు గారు, ఎంతో మృదువుగా. "రాతపూర్వకంగా ఏమైనా ఉంటే చూద్దాం. ఫ్యాక్టరీ మీద బతికే కుటుంబాలు కూడా ఉన్నాయి కదా. సామరస్యంగా పోనిద్దాం."

కాలువ గట్టు మీద నేనన్న మాటే నాకు తిరిగొచ్చింది. డ్రైవరు పేరు చెబితే వాడి ఉద్యోగం పోతుంది. అదొక సాకు. అసలు సంగతి, నా నోరు పడిపోయింది. 'తూము నిర్వహణలో జరిగిన అజాగ్రత్త వలన' అని నా చేతి రాతతో రాశాను.

దానియేలు మాస్టారు ఆ రోజు రాలేదు. రోగుల్లో తిరిగి తిరిగి ఆయనా మంచం పట్టారు. వీరాస్వామి ఒక్కడే వచ్చాడు, ఉతికిన చొక్కా వేసుకుని. తల గుండు చేయించుకుని ఉన్నాడు. అందరూ సంతకాలు పెట్టి లేచాక పుస్తకం అతని ముందుకి జరిపాను. పెన్ను పట్టుకుని, పెట్టబోయి ఆగాడు.

"అయ్యగారూ, ఆ రోజు నేనొచ్చి అడిగింది ఇందులో రాశారా అండీ?"

"ఏది?"

"తూము దించమంటారా, ఉంచమంటారా అని అడిగా గదండీ. అది ఉంటే చాలు. మాస్టారు లేచినాక ఊళ్ళో చదివి వినిపిస్తారు. నా అంతట నేను ఉంచలేదని తెలుస్తది. ఇంకేం వద్దండీ నాకు."

గదిలో మేమిద్దరమే ఉన్నాం. వాళ్ళంతా కిందికి దిగి వెళ్ళిపోయారు. అప్పుడైనా ఒక గీత గీసి ఒక వాక్యం రాయొచ్చు. ఎవరూ చూడరు.

"రాశాను" అన్నాను.

అతను కూడబలుక్కుంటూ ఒక్కో అక్షరమే పెట్టి సంతకం చేశాడు. నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

మినిట్స్ నకలు మామూలుగానే సభ్యులందరికీ పోస్టులో వెళ్ళింది. నెల తర్వాత దానియేలు మాస్టారు సంఘానికి రాజీనామా పంపారు. అందులో నాకంటూ రెండే వాక్యాలు. 'మీ నకలు ఊరందరి ముందు చదివి వినిపించితిని. వీరాస్వామి మరునాడు భార్యతో ఊరు విడిచి వెళ్ళినాడు.' ఎక్కడికో ఆయనకీ తెలియదు. నేను చాలా ఏళ్ళు వన్ టౌన్‌లో తోపుడు బండ్లు తోసేవాళ్ళ మొహాల్లోకి తొంగిచూస్తూ నడిచాను. కొల్లేటి వైపు వెళ్ళినప్పుడల్లా పడవల మీదవాళ్ళని అడిగాను. దొరకలేదు. దొరికితే ఏం చెప్పేవాణ్ణో కూడా తెలియదు.

కోర్సు బాగా నడిచింది. మా సలహా సంఘాన్ని చూసి వేరేచోట్ల కూడా అలాంటివి పెట్టారు. నా విద్యార్థులు పెద్దవాళ్ళయ్యారు. మొన్న ఆ అమ్మాయి మళ్ళీ వచ్చి, తనిఖీకి వెళ్ళే ముందు వాళ్ళ ఆఫీసు పంపే ఉత్తరం నాకు చూపించింది, భాష సరిచెయ్యమని. సరిచెయ్యడానికేముంది? చివరి వాక్యం 'తమకు అభ్యంతరమైతే తెలియజేయగలరు'. ఎక్కడినుంచి ఎవరి చేతులు మారి వచ్చిందో గానీ అది నా వాక్యమే. ఇలా ముందే చెబితే ఏమవుతుందో ఆ పిల్లకి చెప్పాను. "రూలు తాతగారూ, నేనేం చెయ్యను" అంది. కాగితం మడిచి తిరిగిచ్చేశాను. మేము ఏదో నేర్చుకున్నామని, ఇప్పుడు బాగుందని రాయాలని ఉంది. రాస్తే అది ఇంకో మినిట్స్ అవుతుంది.

ఆ పుస్తకం ఇప్పుడు ఏ బీరువాలో ఉందో, ఏ చెదలకి పోయిందో తెలియదు. అందుకని అందులో రాయాల్సింది ఇక్కడ రాస్తున్నాను. సోమవారం మధ్యాహ్నం వీరాస్వామి గారు కాలువ నీళ్ళు సీసాలో పట్టుకుని లాబ్‌కి వచ్చారు. తూము దించమంటారా, ఉంచమంటారా అని అడిగారు. కార్యదర్శి వాసన చూశాడు. చూసి, ఉంచమన్నాడు.